కార్డ్‌లెస్ ఫోను కొనబోతున్నారా? ఇవి మీకు తెలుసా?

మీకు తెలుసా? కార్డ్‌లెస్ ఫోను పెట్టె మీద కనిపించే ‘డెక్ట్’ అన్న పద్ధతితోనే దాదాపు పాతికేళ్ల కిందట కుప్పం చుట్టుపక్కల పల్లెలకు టెలిఫోన్లు వచ్చాయి. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం, చెన్నైలోని మైడాస్ కమ్యూనికేషన్, అమెరికాకు చెందిన అనలాగ్ డివైసెస్ కలిసి తయారుచేసిన ఆ వ్యవస్థ పేరు కార్‌డెక్ట్. మూడు రాష్ట్రాలు కలిసే ఆ రాతినేలను తవ్వి ఊరూరికీ కేబుల్ వేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని టవరు మీద బేస్ స్టేషను, చందాదారు ఇంటిమీద చిన్న యాంటెన్నా, గోడకు ఒక పెట్టె. ఆ పెట్టెకు మామూలు ఫోను తగిలిస్తే చాలు. నడుమ అడ్డేమీ లేకపోతే 10 కిలోమీటర్లు, దారిలో రిలే స్టేషను పెడితే 25 కిలోమీటర్ల దాకా అందేది. ఫోన్లో మాట్లాడుతుండగానే సెకనుకు 35 కిలోబిట్ల వేగంతో ఇంటర్నెట్టూ నడిచేది. ఇప్పటి లెక్కలో అది ఏ మూలకూ చాలదు గానీ, తీగే చేరని ఊళ్లకు అది ఎంత పెద్ద సంగతో ఆ రోజులు చూసినవాళ్లకు తెలుసు. స్వదేశీ పరిజ్ఞానం తొలినాళ్లలోనే మన పల్లెల్లో పనిచేసిందన్న సంగతి ఈ ప్రాంతపు పిల్లలకు బడిలో చెప్పాలి.

అదే డెక్ట్ మన ఇంట్లో మాత్రం ఆరుబయట 300 మీటర్లు, గదుల్లో 50 మీటర్ల దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఇక్కడ ఇంటిమీద యాంటెన్నా లేదు, చేతిలో ఉన్న హ్యాండ్‌సెట్ లోపలి చిన్న ముక్కే యాంటెన్నా. సంకేతం విడుదలయ్యే క్షణంలో దాని బలం 250 మిల్లీవాట్లు, సగటున చూస్తే 10 మిల్లీవాట్లే. అది గోడలు దాటి రావాలి. పెట్టె మీద అచ్చువేసే మీటర్ల అంకె గోడల్లేని మైదానానిది. పుంగనూరు పాత వీధుల్లోని మందపాటి రాతిగోడలకూ, మదనపల్లెలో కొత్తగా లేచే ఆర్‌సీసీ మిద్దెలకూ ఆ అంకె వర్తించదు. అందుకే కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ‘మా గోడలు ఎలాంటివి?’ అన్నది. బేస్‌ను, అంటే ఫోను తీగా కరెంటూ తగిలించే పెట్టెను, ఇంటి నడిమధ్యలో, కొంచెం ఎత్తున, ఇనుప బీరువాకూ ఫ్రిజ్‌కూ దూరంగా పెట్టండి. మిద్దెపైకి అందకపోతే సంకేతాన్ని ముందుకు పంపే రిపీటరు కలుపుకునే వీలున్న మోడలే తీసుకోండి.

కరెంటు పోతే కార్డ్‌లెస్ ఫోను మూగబోతుందని చాలామంది కొన్నాకే తెలుసుకుంటారు. పాత రాగితీగ ల్యాండ్‌లైన్‌కు ఎక్స్చేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోను మోగేది. కార్డ్‌లెస్ బేస్‌కు గోడ ప్లగ్గే దిక్కు. ఫైబర్ కనెక్షన్ అయితే మోడెమ్‌కు కూడా కరెంటు కావాలి, గాజుపోగులో కరెంటు రాదు కదా. కాబట్టి ఆస్పత్రి, మందుల షాపు, వయసు మళ్లినవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లు అయితే మోడెమ్‌నూ బేస్‌నూ రెండింటినీ చిన్న యూపీఎస్‌కు కలపడం తప్పనిసరి. ఇందులో పొదుపు చూడొద్దని నా గట్టి మాట.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే ‘డెక్ట్ 6.0’ ఫోను ఇక్కడ వాడొద్దు. ఆ 6.0 అన్నది అమ్మకానికి పెట్టుకున్న పేరే, గిగాహెర్ట్జ్ కాదు. అది నడిచేది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య. ఇక్కడి మొబైల్ కంపెనీల 2100 పట్టీ 1920 దగ్గరే మొదలవుతుంది కాబట్టి వాటి సంకేతాలకు అడ్డొస్తుంది. యూరప్ డెక్ట్ 1880 నుంచి 1900 మధ్య నడుస్తుంది కాబట్టి దానికి ఆ చిక్కు లేదు. పైగా అక్కడి అడాప్టరు 120 వోల్టులకే చేసినదైతే మన 230కి కాలిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్ కార్డ్‌లెస్ ఫోన్లూ ఉన్నాయి. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పట్టీలోనే ఉంటాయి కాబట్టి మాట మధ్యలో గరగర రావచ్చు.

 

చిన్న వ్యాపారులకు అసలు లాభం తీగ లేకపోవడంలో కాదు, ఇంటర్‌కమ్‌లో ఉంది. చాలా డెక్ట్ బేస్‌లకు నాలుగు నుంచి ఆరు హ్యాండ్‌సెట్లు జతచేయవచ్చు. మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా బల్ల దగ్గర ఒకటి, సరుకు దించే చోట ఒకటి, యజమాని గదిలో ఒకటి పెడితే ఒకరినొకరు పిలుచుకోవడానికి పైసా ఖర్చుండదు, వచ్చిన కాల్‌ను అవతలికి మళ్లించవచ్చు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు మధ్య మాట్లాడేవాళ్లు హెడ్‌సెట్ పెట్టుకునే రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి. వేర్వేరు కంపెనీల హ్యాండ్‌సెట్లు కలవాలంటే రెండింటికీ ‘గ్యాప్’ ప్రమాణం ఉండాలి. అయితే అలా కలిపినప్పుడు మామూలు కాల్స్ నడుస్తాయి గానీ, ఇంటర్‌కమ్ లాంటి అదనపు సౌకర్యాలు అన్నీ పనిచేస్తాయన్న భరోసా లేదు. అవి కావాలంటే ఒకే కంపెనీ సెట్టు కొనడమే మేలు.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా నొక్కాలి. ఫోను జ్ఞాపకంలో మొబైల్ నంబర్లన్నీ సున్నాతోనే దాచుకోండి. లేకపోతే వేగంగా పిలవాల్సిన వేళ కాల్ కలవదు.

కొన్నాళ్లకు మాట అరగంటకే ఆగిపోతుంటే ఫోను పాడైందని పక్కన పడేయకండి. చాలా మోడళ్లలో ఉండేవి ట్రిపుల్ ఏ సైజు సెల్లులే, మార్చుకోవచ్చు. కానీ గడియారంలో వేసే మామూలు సెల్లులు వేసి చార్జింగ్‌లో పెడితే కారిపోతాయి, పగలనూవచ్చు. కొత్తవి కొనేటప్పుడు సెల్లు మీద ‘రీచార్జబుల్, నికెల్ మెటల్ హైడ్రైడ్’ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.