చెవులు మూసికొనెడి పిల్లలు

ఆషాఢము ప్రవేశించినంతనే భద్రాచల ప్రాంతమున పిల్లలకు ఇల్లే లోకమగును. ముసురు పట్టిన దినములలో అడవి అంచు పల్లెల బాటలు బురదయై, వాగులు పొంగి, బడికి పోవు దారి తెగిపోవును. దుమ్ముగూడెము, చర్ల వైపు ఇది ఏటేట జరుగునదే. అట్టి దినములలో వసారాలో చాప పరచుకొని, చేటెడు చింతగింజలు నడుమ పోసికొని పిల్లలు కూర్చుండెడి దృశ్యము ఆ సీమలో పెరిగినవారికి క్రొత్త కాదు. ఆ చాపకు కొంచెము ఎడముగా, గోడవైపు తిరిగి, రెండు చేతులతో చెవులు మూసికొని కూర్చుండెడి పిల్లవాడును క్రొత్తవాడు కాడు. కాని వానిని గూర్చి ఆలోచించువారు తక్కువ. మొండివాడని ఒకరందురు, గాలి సోకినదని వేరొకరందురు, పెద్దవాడైనచో వాడే దారికి వచ్చునని ఇంటి పెద్ద తేల్చివేయును.

వాడు మొండివాడు కాడు. ఆ చప్పుడు వానికి నిజముగనే భరింపరానిది. తడికకు మట్టి మెత్తిన గోడ, గడ్డి కప్పు గల పాత ఇంటిలో వాన చప్పుడు మెత్తగా వినవచ్చును. రేకుల కప్పు వచ్చిన పిదప అదే వాన కంకర కురిసినట్లు మ్రోగుచున్నది. రేకుల ఇల్లు కారదు, చెదలు పట్టదు, ఏటేట కప్పించు పని లేదు; కనుక దానిని నిందించుట న్యాయము కాదు. కాని ఆ మ్రోతను మనము అయిదు నిమిషములలో మరచిపోగలము, వాడు మరువలేడు. అంతియే భేదము.

ఈ భేదమును వైద్యులు గుర్తించి ఎంతో కాలము కాలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది బాలబాలికల ప్రవర్తనను వర్ణించి, ఆటిజమ్ అను పేరును లోకమునకు పరిచితము చేసెను. పెద్ద శబ్దములన్న ఆ పిల్లలలో కలిగెడి భయమును ఆయన నాడే గమనించెను. పిదప జీన్ ఏర్స్ అను విదుషి, స్పర్శ, ఊపు, శరీరపు బరువు మున్నగు అనుభూతులను మెదడు ఒకచోట కూర్చుకొను విధమును పరిశీలించి, 1972లో గ్రంథము వెలువరించెను. ఆమె సిద్ధాంతముపై పండితులలో వాదము నేటికిని తీరలేదు. అయినను ఒక మాట మాత్రము నిలిచినది: ఇంద్రియములు అందరికిని ఒకే కొలతలో పనిచేయవు. ఒకనికి చెవి చురుకు. వేరొకనికి చర్మము చురుకు. మరియొకనికి ఎంత ఊపినను, ఎంత గట్టిగా అదిమినను తనివి తీరదు. చెవులు మూసికొన్న ప్రతి బిడ్డయు ఆటిజమ్ గలవాడని భ్రమపడరాదు. ఏ లోపమును లేని పిల్లలలోను ఈ తత్త్వము కానవచ్చును.

ఇట్టివారి కొరకు నగరములలో ప్రత్యేకముగా ఆటగదులు అమర్చుచున్నారు. మందమైన వెలుగు, మెత్తని నేల, పట్టి చూచుటకు పలు విధముల వస్తువులు, అలసినప్పుడు దాగుకొనుటకు ఒక మూల. స్థూలముగా ఇవియే ఆ గదుల లక్షణములు. ఆ నగరములలోనే పెద్ద అంగడి సముదాయములలో రంగుదీపములు మిలమిలలాడుచు, పాటలు హోరెత్తుచు ఉండెడి ఆటస్థలములును కలవు. చెవి చురుకైన బిడ్డకు అది క్రీడాస్థలము కాదు, శిక్షాస్థలము. డబ్బిచ్చి మరీ అచటికి తీసికొనిపోయి, బిడ్డ ఏడ్చిన కోపించెడి తల్లిదండ్రుల అమాయకత్వమునకు జాలిపడవలెను.

అడవి అంచు పల్లెకు ఆ గదులు రావు. రానక్కరయు లేదేమో! ఆ వసారాను ఒకమారు శ్రద్ధగా చూడవలెను.

చింతపండు ఆ సీమ అడవి పంటలలో ఒకటి. వేసవిలో ఇంటింట చింతపండు కొట్టి గింజ తీయుదురు. పండు సంతకు పోవును. గింజ ఇంట మిగులును. నున్నగా, చల్లగా, బరువుగానుండు ఆ గింజలలో చేయి ముంచి వ్రేళ్ళ సందులనుండి జారవిడుచుట పిల్లలకు ఎవరును నేర్పరు. వామనగుంటలకు ఇరువైపుల ఏడేసి చొప్పున 14 గుంటలు. అయిదేసి గింజలు వేసి ఆడినచో మొత్తము 70. పీట లేనిచో మట్టినేలలోనే గుంటలు తీయుదురు. గుంటలోని గింజలన్నియు గుప్పిట పట్టి, ఒక్కొక్కటిగా వదలుచు పోవలెను. ఆడువారు ఇరువురే. కేక లేదు, పరుగు లేదు; ఒకరి తరువాత ఒకరు. మాట్లాడనక్కరలేదు గనుక, మాటలు ఇంకను రాని బిడ్డయు, ఇంట కోయభాష మాటాడి బడిలో తెలుగు వెదకికొనెడి బిడ్డయు సమానముగనే ఆడగలరు. గింజ గింజకు "టక్కు" మను చిన్న చప్పుడుండును. అది వాడు తన చేతితో తానే చేసికొన్న చప్పుడు; ఎప్పుడు వచ్చునో వానికి ముందే తెలియును. ఇంటి కప్పుమీది వానకును దీనికిని గల తేడా అదియే.

గచ్చకాయల ఆట చేతికిని కంటికిని పొందిక కూర్చును. కాని ఎగురవేసిన కాయ తప్పిపోయి మాటిమాటికి క్రిందపడునప్పుడు కొందరు చిన్నవారు విసిగిపోవుదురు. చింతగింజను రాతిపై ఒకవైపు తెల్లబడునట్లు అరగదీసి అష్టాచెమ్మకు పాచికగా వాడుటయు కలదు. నాలుగు గవ్వలకు మారుగా అట్టి నాలుగు గింజలు చాలును. ఆటకంటె ఆ అరగదీయుటలోనే గంటసేపు మునిగిపోవు పిల్లలుందురు! గింజలను కుప్పగా పోసి నోటితో ఊది, విడివడినవానిని పక్క గింజ కదలకుండ తీయుట మరియొక ఆట. నిదానముగా ఊదుట నేర్చిన బిడ్డ, తనకు తెలియకుండగనే ఊపిరిని అదుపులోనికి తెచ్చుకొనును.

చీర ఉయ్యాల సంగతి వేరుగ చెప్పవలయునా? దూలమునకు కట్టిన పాతచీరలో ఒదిగి కూర్చున్న బిడ్డకు గుడ్డ అన్నివైపుల అదుముకొని, నెమ్మదిగా ఊపు దొరకును. నేడు చికిత్సాగదులలో వ్రేలాడదీయుచున్న గుడ్డ ఉయ్యాలలకు ఇది అక్కయో, అమ్మయో. పిండి విసరునప్పుడు తిరగలి పిడి పట్టనిచ్చుట, బియ్యములో వ్రేలితో అక్షరము దిద్దించుట మొదలగునవియు ఇట్టివే. మదరాసు ప్రాంతపు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచిన ఆండ్రూ బెల్ ఆ పద్ధతిని 1797లో గ్రంథస్థము చేసి ఇంగ్లండునకు తెలిపెను. 1939లో మదరాసునకు వచ్చిన మరియా మాంటిసోరీ గరుకు కాగితపు అక్షరములను వ్రేళ్ళతో తడిమించి నేర్పినది.

ఇంత చెప్పినను, పాతవన్నియు మేలైనవని వాదించుట పొరపాటు. నలుగు పెట్టి ఒళ్ళు రుద్దుట ఒక బిడ్డకు హాయి. చర్మము చురుకైన బిడ్డకు అదే నరకయాతన. వాడు కెవ్వుమన్నకొలది "ఇంకను గట్టిగా రుద్దు" మనెడి పెద్దలు కలరు. అడవిలో దొరకు గింజలన్నియు ఆటకు పనికిరావు. ఎఱ్ఱగా ముద్దులొలుకు గురివింద, నిగనిగలాడు ఆముదపు గింజ నమిలి మ్రింగినచో ప్రాణాంతకములు. ప్రతి వస్తువును నోట పెట్టుకొను వయసులో చింతగింజయు ప్రమాదమే. గొంతులో అడ్డుపడవచ్చును, ముక్కులో దూరవచ్చును. ఆటచోట పెద్దవారొకరు కూర్చుండి తీరవలెను.

వసారా నున్నదే గాని, ఆ వసారాయే మునిగినప్పుడో? భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు తాకినది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురు. అప్పుడు కుటుంబములు బడిభవనములకును పునరావాస కేంద్రములకును తరలవలసివచ్చును. ఒక్క గదిలో పది కుటుంబములు, వంటపొగ, మైకుల ప్రకటనలు, తెలియని ముఖములు! శ్రీరామనవమి జనసందోహములో సైతము ఇట్టి బిడ్డ అల్లాడిపోవును; కాని కల్యాణమైనంతనే ఇల్లు చేరవచ్చును. వరదలో చేరుటకు ఇల్లుండదు. బియ్యము, దుప్పట్లు పంచెడివారు ఆ హాలులో ఒక మూలను రెండు చీరలతో మరుగుపరచి, చాప వేసి, ఒక డబ్బా గింజలుంచిన అయ్యెడి ఖర్చెంత? సహాయ సామగ్రి జాబితాలో ఆ మూలకు చోటులేకుండుట ధనము లేక కాదు, తలపు లేక.

మండలములలో ప్రత్యేకావసరములు గల పిల్లల కొరకు భవిత కేంద్రములున్నవి. ఆటిజమ్‌ను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. పిలిచినను తిరిగి చూడని, ఈడుకు తగిన మాట రాని బిడ్డను ఆటలతో సరిపెట్టక వైద్యునికి చూపవలెను. ఆట వైద్యము కాదు. కాని వైద్యుని యొద్దకు పోయి వచ్చిన పిదపను వానకాలము నాలుగు నెలలు ఆ బిడ్డ ఆ ఇంటనే గడుపవలయును గదా!

అచట పెద్దలు చేయవలసినది ఒకందుకు సులభము, ఒకందుకు కష్టము. ఆటకు రమ్మని చేయిపట్టి లాగరాదు. చాపపై వానికొక చోటు విడిచి, తాము ఆడుచుండవలెను. వాడు మొదటి దినము చూడడు. మూడవ దినము ఓరకంట చూచును. వారమునకో, నెలకో వచ్చి ఒక గింజ తీసికొని మరల గోడ చేరవచ్చును. అప్పుడు "వచ్చినాడు, వచ్చినాడు" అని చప్పట్లు కొట్టరాదు. ఆ చప్పట్లే వానిని మరల నెలదినములు దూరము చేయగలవు. అవ్వ ఒక్కతియే ఈ నియమమును చక్కగా పాటించును. ఆమె ఎవరిని పిలువదు. తన పాటికి తాను గుంటలు నింపుకొనుచు, ఎదుటివైపు ఏడు గుంటలును నింపియుంచును.

ఆట ముగిసిన పిదప గింజలు లెక్కించి డబ్బాలో పోయుట పిల్లల పని. లెక్క 70 రావలెను. ఒకటి తగ్గినచో చాప ఎత్తి, చేట విదిలించి, చిన్నవాని గుప్పిట విప్పి చూచి, దొరకువరకు దీపము పట్టుకొని వెదకుదురు.