రాయ్‌పుర్ - విశాఖ: ఆకాశమార్గం 415 కి.మీ.. ప్రయాణానికి పట్టే సమయమెంత?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. అప్పటి నుంచి ఉపాధి కోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ ప్రాంతంలో స్థిరపడ్డాయి. పండుగకైనా, ఆపదకైనా ఉత్తరాంధ్రకు చేరాలంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: విమానమా, రైలా?

భిలాయ్, రాయ్‌పుర్‌ల మధ్య ఉన్న కుమ్హారి పట్టణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. దుర్గ్ జిల్లాకు చెందిన ఈ పట్టణానికి సమీప విమానాశ్రయం రాయ్‌పుర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం. మ్యాపుపై నేరుగా కొలిస్తే దూరం సుమారు 25 కి.మీ. నగరాన్ని దాటుకుని వెళ్లాల్సి రావడంతో రోడ్డు మార్గంలో ఇది మరింత పెరుగుతుంది. రద్దీని బట్టి గంట సమయం కేటాయించుకోవడం మేలు.

గాలిలో అరగంటే.. కానీ

రాయ్‌పుర్, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గ దూరం సుమారు 415 కి.మీ. గంటకు 800 కి.మీ. వేగంతో వెళ్లే జెట్ విమానానికి ఇది లెక్క ప్రకారం అరగంట ప్రయాణం. అయితే టికెట్‌పై గంట నుంచి గంటా పావు వరకు కనిపిస్తుంది. విమానం పార్కింగ్ స్థలం నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో ఆగే వరకు పట్టే మొత్తం సమయాన్ని అందులో చూపడమే ఇందుకు కారణం. రన్‌వేకు చేరడం, పైకి ఎగరడం, కిందికి దిగడం వంటివన్నీ ఇందులో భాగమే. తక్కువ దూరపు ప్రయాణాల్లో విమానం పూర్తి వేగంతో వెళ్లేది కొద్దిసేపే.

హైదరాబాద్ మీదుగా అయితే..

నేరుగా విమానం లేని రోజున లెక్క మారిపోతుంది. రాయ్‌పుర్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 560 కి.మీ., అక్కడి నుంచి విశాఖకు 510 కి.మీ. అంటే 415 కి.మీ. దూరానికి 1,070 కి.మీ. ప్రయాణించాలి. రెండో విమానం కోసం వేచి ఉండే సమయం దీనికి అదనం.

ఇంటి గడప నుంచి లెక్కిస్తే తేడా స్పష్టమవుతుంది. విమానాశ్రయానికి గంట, రెండు గంటల ముందు హాజరు, విమాన ప్రయాణం, సామాన్ల కోసం అరగంట కలిపితే నేరుగా వెళ్లే విమానంలోనూ సుమారు 5 గంటలు పడుతుంది. హైదరాబాద్‌లో రెండు గంటలు ఆగాల్సి వస్తే మొత్తం 8 గంటలు దాటుతుంది. 2024 సెప్టెంబర్‌లో ప్రారంభమైన దుర్గ్ - విశాఖపట్నం వందే భారత్ రైలు ప్రయాణ సమయం కూడా దాదాపు 8 గంటలే. పైగా అది విజయనగరంలోనూ ఆగుతుంది.

భోగాపురంతో మారే లెక్క

విశాఖ నగరానికి సుమారు 45 కి.మీ. దూరంలోని భోగాపురం విమానాశ్రయం నుంచి కొలిస్తే రాయ్‌పుర్‌కు ఆకాశమార్గం కొద్దిగా తగ్గుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వెళ్లేవారికి ఇది అనుకూలం. విశాఖ నగరానికి వెళ్లేవారికి మాత్రం గాలిలో ఆదా అయ్యే ఒకటి రెండు నిమిషాల కంటే రోడ్డుపై వెచ్చించాల్సిన సమయమే ఎక్కువ. అందుకే టికెట్ కొనే ముందు ప్రయాణికులు చూసుకోవాల్సింది రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఒక్కటే కాదు. ఇంటి నుంచి ఇంటికి పట్టే మొత్తం సమయాన్ని లెక్కవేసుకోవాలి.