చక్కెర పనివారు కార్తీకం దాకా ఆగరాదు

బోధన్: ఇక్కడి శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే-ఆఫ్‌తో ఆగిపోయింది. పాకాన్ని అద్దంపై పరచి, గింజ చూసి, పాన్ దించే వేళ చెప్పగల పనివానికి సొంత ఊళ్ళో ఆ పని లేకపోయింది. మళ్ళీ తెరుస్తారన్న మాట ఎప్పుడూ వినేదే, కడుపు ఆగదు కదా!

మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఏటా గానుగ ఆడే మిల్లులు చాలా ఉన్నవి. గానుగ మొదలయ్యాక వెళితే లాభం లేదు. మిషన్ల మరమ్మతులు సాగే శ్రావణ, భాద్రపదాల్లోనే వెళ్ళి ఇంజనీరును కలవాలి. సర్వీసు సర్టిఫికెట్టు వెంట ఉంచుకోవాలి. బాయిలరు మనిషికైతే అటెండెంటు సర్టిఫికెట్టు తప్పదు. పి.ఎఫ్.కు పాత యు.ఎ.ఎన్. నంబరే ఇవ్వాలి, పెన్షను సర్వీసు తెగిపోకుండా ఉంటుంది.

సీజను ముగిశాక రిటెయినింగు భత్యం ఇస్తారో లేదో ముందే అడగాలి. లేకుంటే వేసవిలో పిల్లల ఫీజులెలా?