కుక్కలలో ఎముక కణితులు: శస్త్రచికిత్సకు ముందు నిర్ధారణ

చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో గొర్రెల మందను కాచే కుక్క కుంటితే ముల్లు గుచ్చుకున్నదనో, దెబ్బ తగిలినదనో భావించడం సహజం. కాని పెద్ద జాతి కుక్కలో కుంటుతనం వారాల తరబడి తగ్గక, ముంగాలిలో భుజం లేదా మణికట్టు వద్ద, వెనుకకాలిలో మోకాలి వద్ద గట్టి వాపు కనిపిస్తే ఆస్టియోసార్కోమాను అనుమానించాలి. ఎముకలోనే పుట్టే కణితులలో సుమారు 85 శాతం ఇదే.

ఎక్స్‌-రేలో ఎముక కరగడం, కొత్త ఎముక ఏర్పడడం రెండూ కనిపిస్తాయి. బాక్టీరియా, శిలీంధ్రాలు సోకిన ఎముకలోనూ ఇటువంటి మార్పులే ఉండవచ్చు. ఆకుమచ్చను చూసినంతనే వేరుశనగ తెగులును తేల్చరాదు, ఇక్కడా అంతే. మొదట సన్నని సూదితో కణాలను తీసి పరీక్షించాలి. అవి చాలనప్పుడు జామ్‌షీదీ సూదితో ఎముక ముక్కను సేకరించాలి. ముక్కను వాపు మధ్యభాగం నుండే తీయాలి. అంచున కణితికి ప్రతిచర్యగా పెరిగిన ఎముక మాత్రమే లభించి, వ్యాధి లేదన్న పొరపాటుకు దారితీయవచ్చు.

కాలు తొలగించే ముందు ఛాతీకి మూడు కోణాలలో ఎక్స్‌-రే తీయాలి. నిర్ధారణ నాటికి ఊపిరితిత్తులలో వ్యాప్తి కంటికి కనిపించేది 15 శాతం లోపు కుక్కలలోనే. సూక్ష్మంగా వ్యాపించి ఉండేది దాదాపు 90 శాతంలో. కనుక కాలు తొలగింపు నొప్పిని పోగొడుతుందే కాని వ్యాధిని నిర్మూలించదని యజమానికి ముందే వివరించాలి.