షెరీ సీమ: ఎండయు, గాలియు, తెల్లమట్టియు

దక్షిణ స్పెయినులో అట్లాంటిక్ తీరమునకు చేరువగా హెరెస్ అను పట్టణము కలదు. అరబ్బులు ఏలిన కాలమున దానిని ‘షెరిష్’ అనిరి. ఆంగ్లేయుల నోట అది ‘షెరీ’ అయ్యెను. అచటి ద్రాక్షాసవమునకు ఆ పేరే నిలిచిపోయెను.

వేసవిలో ఎండ ఒక్కొక్కప్పుడు 40 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరు సీమ అది. ఎండ మిక్కుటమైనచోట ద్రాక్షలో చక్కెర త్వరగా పెరుగును. కాని పులుపునిచ్చు మాలిక్ ఆమ్లమును పండు తన శ్వాసక్రియలో ఖర్చు చేయును. వేడి హెచ్చినకొలది ఈ ఖర్చును హెచ్చును. పులుపు తగ్గిన రసము చప్పన. ఇట్టిచోట పేరుగాంచిన ఆసవము ఎట్లు పుట్టుచున్నది?

అచటి మెట్టలపై ‘అల్బారీసా’ అను తెల్లమట్టి కలదు. ప్రాచీన సముద్రపు అడుగున డయాటములు మొదలగు సూక్ష్మజీవుల కవచములు పేరుకొనగా ఏర్పడిన ఈ మట్టిలో సున్నపు పాలు ఎక్కువ. ఏటా సుమారు 600 మిల్లీమీటర్ల వాన కురియును గాని వేసవిలో చినుకే అరుదు. మన నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చును. ఈ తెల్లమట్టి పైన పెచ్చుకట్టి, చలికాలమున పీల్చుకొన్న నీటిని లోపల దాచును. పంట కోసిన పిదప రైతులు సాళ్ల నడుమ చిన్న మళ్లు కట్టి వాననీటిని వాలు వెంట జారిపోనీయరు.

తోటలున్న ప్రదేశమును ‘పాగో’లను చిన్న భాగములుగా గుర్తింతురు. బల్బైనా పాగో సముద్రము వైపున్నది. మచర్నూదో లోపలి దిక్కున ఉన్నది. పడమటి గాలి తేమను, చల్లదనమును తెచ్చును. తూర్పుగాలి వడగాలియే. రెండుచోట్లను నాటునది ముఖ్యముగా పాలొమినో ద్రాక్షయే అయినను, సముద్రపు గాలి తగులు పాగోల ఆసవము తేలికగను, లోపలి పాగోలది గట్టిగను ఉండునని అనుభవజ్ఞులందురు.

తేడా తోటతో ముగియదు. అసలు విశేషము పీపాలోనే కలదు. పీపాను నిండుగా నింపక ఆరవవంతు వెలితిగా ఉంచుదురు. సుమారు 15 శాతము ఆల్కహాలున్న ఆసవముపై తెల్లని పొర తేలును. దానిపేరు ‘ఫ్లోర్’, అనగా పువ్వు. చూచుటకు బూజువలె నున్నను అది బూజు కాదు. రొట్టెపిండిని పొంగించు ఈస్టు జాతికే చెందినది. ఈ పొర ప్రాణవాయువును ఆసవమునకు తగులనీయక తానే వాడుకొనుచు, ఆల్కహాలును కొంత తిని ఎసిటాల్డిహైడును విడుచును. షెరీ ఘాటు వాసనకు అది ముఖ్య కారణము. ఆల్కహాలును 17 శాతమునకు పెంచినచో పొర బ్రతుకదు. అప్పుడు గాలి సోకి ఆసవము గోధుమవన్నెకు తిరుగును. అది ‘ఒలొరోసో’.

ఫ్లోర్ చల్లదనమును, తేమను కోరును. హెరెస్ లో ఎండాకాలమున పొర పలుచబడును. గ్వాదల్కివీర్ నది సముద్రమున కలియుచోట నున్న సాన్లూకార్ లో ఏడాది పొడుగునా దట్టముగా నిలుచును. పొర క్రింద హెరెస్ లో ముదిరినది ‘ఫీనో’. సాన్లూకార్ లో ముదిరినది ‘మన్సనీయా’. ద్రాక్ష ఒక్కటే, మట్టి ఒక్కటే. రెండు ఊళ్ల నడుమ దూరము పాతిక కిలోమీటర్లలోపే. కనుకనే ఆ ఊళ్లలో గిడ్డంగుల కిటికీలను పడమటి గాలి దూరునట్లు ఎత్తున అమర్చి, వేసవిలో మట్టినేలపై నీరు చల్లుదురు.