సెయిల్ బోటే ఇల్లయితే: ట్యాప్ తిప్పగానే వేడి నీళ్లు రావాల్సిందేనా?

ఇల్లు ఖాళీ చేసేసి, ఒక సెయిల్ బోట్ కొనుక్కుని, అందులోనే కాపురం పెట్టే జంటల వీడియోలు మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. ఇలా పడవనే ఇల్లు చేసుకుని బతికేవాళ్లని లైవ్‌అబోర్డ్స్ అంటారు. బ్రిటన్‌లో, గ్రీస్‌లో, కరీబియన్ దీవుల్లో ఇలాంటివాళ్లు చాలా మంది ఉన్నారు. వాళ్లు పాత పడవ కొన్న మొదటి నెలలోనే ఇద్దరి మధ్య ఒక గొడవ మొదలవుతుంది. గీజర్ పెట్టించాలా, వద్దా?

వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ డబ్బు, బ్యాటరీ, ట్యాంకులో నీళ్లు, ప్రాణభయం, చివరికి ఇద్దరూ ఆ పడవలో ఎన్నాళ్లు ఉండగలరు అన్నది కూడా ఇందులోనే ఉంది. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ఒక ప్రశ్న కాదు, మూడు

"బోట్‌లో వేడి నీళ్లు కావాలా?" అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. అక్కడే తప్పు దారి పడతాం. ఆ ప్రశ్నని మూడు ముక్కలు చేయండి. ఒకటి, రోజుకి ఎన్ని నీళ్లు కావాలి? రెండు, వాటిని వేడి చేసే శక్తి ఎక్కడిది? మూడు, ఆ వేడి నీళ్లు పైపులో పారుతూ ట్యాప్ దాకా రావాలా, బకెట్‌లో ఉంటే చాలా?

వేడి నీళ్లు వేరు, ట్యాప్‌లో వేడి నీళ్లు వేరు. ఈ తేడా మనకి ఒకళ్లు చెప్పక్కర్లేదు. బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టుకుని, చెంబుతో పోసుకుని పెరిగినవాళ్లం. షవర్ లేదని మన ఇళ్లలో ఎవరూ స్నానం మానేయలేదు కదా.

నీళ్ల లెక్క

35, 40 అడుగుల పడవలో నీళ్ల ట్యాంకు మామూలుగా 200 నుంచి 400 లీటర్లు ఉంటుంది. ఇంట్లో షవర్ నిమిషానికి 8 లీటర్లు పోస్తుందనుకోండి. 7 నిమిషాలు నిలబడితే 56 లీటర్లు. ఇద్దరికీ కలిపి 112. అంటే 300 లీటర్ల ట్యాంకు మూడు రోజులు కూడా రాదు. వంట, తాగునీళ్లు ఇంకా లెక్కలోకి రాలేదు.

అందుకే పడవల మీద స్నానం తీరే వేరు. ఒళ్లు తడుపుకో, నీళ్లు కట్టెయ్, సబ్బు రాసుకో, మళ్లీ తిప్పి కడుక్కో. ఇలా చేస్తే మనిషికి 6 నుంచి 8 లీటర్లు సరిపోతాయి. జుట్టు పొడుగ్గా ఉంటే ఇంకొన్ని పడతాయి, అది కూడా లెక్కేసుకోండి.

ట్యాప్ పెడితే ఇంకో నష్టం ఉంది. గీజర్ నుంచి ట్యాప్ దాకా 5 మీటర్ల పైపు ఉందనుకుందాం. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లయితే ఆ పైపులో అర లీటరు పైనే చల్లటి నీళ్లు నిలిచి ఉంటాయి. వేడి నీళ్లు రావాలంటే ముందు అవి పోవాలి. ఇంట్లో మనం అసలు పట్టించుకోం. పడవలో రోజుకి ఆరుసార్లు ట్యాప్ తిప్పితే 3 లీటర్లు అటే పోతాయి. అంటే ఒక మనిషి తాగే నీళ్లు!

వేడి లెక్క: సముద్రాన్ని అడగండి

ఇప్పుడు అసలు పాయింట్. చాలా పడవల్లో నీళ్ల ట్యాంకు నీటి మట్టానికి కిందే ఉంటుంది. అందుకే ట్యాంకులో నీళ్లు దాదాపు బయటి సముద్రం ఎంత చల్లగా ఉంటే అంత చల్లగానే ఉంటాయి. కరీబియన్‌లో అది 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో చలికాలంలో 9 డిగ్రీల దాకా పడిపోతుంది.

స్నానానికి 40 డిగ్రీల నీళ్లు 10 లీటర్లు కావాలి అనుకుందాం. 27 నుంచి వేడి చేస్తే 0.15 యూనిట్ కరెంట్ చాలు. యూనిట్ అంటే మన కరెంట్ బిల్లులో వచ్చే యూనిటే. అదే 9 నుంచి వేడి చేయాలంటే 0.36 యూనిట్. రెండు రెట్ల కంటే ఎక్కువ. పడవ అదే, మనిషి అదే, బకెట్ అదే. మారింది సముద్రం ఒక్కటే. కాబట్టి కరీబియన్ యూట్యూబర్ "మాకు గీజర్ అక్కర్లేదు" అంటే, ఆ మాట ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లకి పనికిరాదు.

ఇక బ్యాటరీ సంగతి. 20 లీటర్ల గీజర్‌ని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.93 యూనిట్ కావాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ మొత్తం కలిపి ఇచ్చేది సుమారు 1.28 యూనిట్లు. అదే సైజు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి దాంట్లో దక్కేది 0.6. అంటే ఒక్కసారి గీజర్ నింపి వేడి చేస్తే బ్యాటరీ ఖాళీ! రాత్రికి ఫ్రిజ్, లైట్లు, నావిగేషన్ దేంతో నడుస్తాయి?

వేడి ఎక్కడ ఫ్రీగా దొరుకుతుంది?

ఒకటి, ఇంజిన్. సెయిల్ బోట్‌కి కూడా హార్బర్‌లోకి వచ్చేటప్పుడు, గాలి లేనప్పుడు నడపడానికి డీజిల్ ఇంజిన్ ఉంటుంది. ఇంజిన్‌ని చల్లార్చే నీళ్లు 80 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఆ వేడిని ఒక చుట్ట పైపు ద్వారా గీజర్ ట్యాంకులోకి పంపుతారు. ఈ గీజర్ని కెలోరిఫైయర్ అంటారు. ఎలాగూ ఇంజిన్ వేశారు కాబట్టి వేడి ఊరికే వచ్చినట్టే. అరగంట, గంట నడిపితే ట్యాంకు కాగిపోతుంది. ఆ నీళ్లలో చల్లటివి కలుపుకుంటే 20 లీటర్ల ట్యాంకు నుంచే 40, 50 లీటర్ల గోరువెచ్చని నీళ్లు వస్తాయి. పైన మంచి ఇన్సులేషన్ ఉంటే మర్నాడు పొద్దుటికి కూడా వెచ్చగానే ఉంటాయి.

కానీ ఒక ట్రాప్ ఉంది. లంగరు వేసి నాలుగు రోజులు ఒకే చోట ఉన్నారు. వేడి నీళ్ల కోసమే రోజూ గంట ఇంజిన్ వేస్తే? లీటరో రెండు లీటర్లో డీజిల్ ఖర్చు, పక్క పడవలకి చప్పుడు. పైగా లోడ్ లేకుండా గంటలకొద్దీ నడిపితే డీజిల్ ఇంజిన్ సిలిండర్లు పాడవుతాయి. అప్పుడిక ఫ్రీ అనడానికి ఏముంది?

రెండు, ఒడ్డు కరెంట్. మెరీనాలో పడవ కట్టేస్తే ప్లగ్ పెట్టుకోవచ్చు. అదే కెలోరిఫైయర్‌లో కరెంట్ కాయిల్ కూడా ఉంటుంది.

మూడు, ఎండ. 20 లీటర్ల నల్ల సంచి నింపి డెక్ మీద పడేస్తే మధ్యాహ్నానికి స్నానానికి రెడీ. గ్రీస్‌లో జులైలో ఇది బ్రహ్మాండం. ఇంగ్లండ్‌లో జనవరిలో ఆ సంచి వట్టి అలంకారం.

నాలుగు, గ్యాస్ స్టవ్ మీద కెటిల్. ఇది ఫ్రీ కాదు, కానీ చాలా చవక. 2 లీటర్లు మరగబెట్టి కరీబియన్‌లో ట్యాంకు నీళ్లు కలిపితే 11 లీటర్ల స్నానం నీళ్లు వస్తాయి. ఇంగ్లండ్ చలికాలంలో అదే కెటిల్‌కి 6 లీటర్లే వస్తాయి. 2 లీటర్లు మరగడానికి సుమారు 30 గ్రాముల గ్యాస్ అవుతుంది. యూరప్ పడవల్లో ఎక్కువగా కనిపించే 2.75 కిలోల చిన్న నీలం సిలిండర్‌తో ఇలాంటి కెటిల్స్ 90 దాకా పెట్టొచ్చు. ఆ నీళ్లని మొక్కలకి మందు కొట్టే చేతి పంపు స్ప్రేయర్‌లో పోసుకుంటే షవర్ కూడా తయార్. కరెంట్ అక్కర్లేదు.

ప్రాణం మీదకొచ్చే విషయాలు

ఈ పార్ట్ మాత్రం స్కిప్ చేయకండి.

గ్యాస్‌తో అప్పటికప్పుడు కాగే గీజర్లు పాత పడవల్లో ఇంకా కనిపిస్తాయి. పొగ బయటికి సరిగ్గా పోకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన దగ్గర బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు చదివారు కదా. పడవ క్యాబిన్ ఆ బాత్రూమ్ లాంటిదే, చలికి అన్నీ మూసేసి ఉంటుంది. బ్రిటన్‌లో బోట్ సేఫ్టీ స్కీమ్ కిందికి వచ్చే పడవల్లో లోపల పడుకునే చోటు ఉంటే, 2019 ఏప్రిల్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. రూల్ ఉన్నా లేకపోయినా అలారం పెట్టండి. గ్యాస్ గీజరే కావాలంటే బయటి గాలి పీల్చుకుని బయటికే పొగ వదిలే రకం తీసుకోండి.

ఇంకోటి, గ్యాస్ లీకేజ్. వంట గ్యాస్ గాలి కంటే బరువు. ఇంట్లో అయితే తలుపు కింద నుంచి బయటికి పోతుంది. పడవకి కింద తలుపు ఉండదు. పడవ అడుగున చేరి అక్కడే ఉంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు.

కెలోరిఫైయర్ సేఫ్ అనుకుంటారు, కానీ ఇంజిన్ వేడితో కాగిన నీళ్లు కొన్ని సెకన్లలోనే చేతిని కాల్చేస్తాయి. ట్యాప్‌కి ముందు చల్లటి నీళ్లు తనే కలిపే థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించాలి. పిల్లలుంటే ఇది ఆప్షన్ కాదు, మస్ట్. అలాగే గోరువెచ్చగా రోజుల తరబడి నిలవ ఉంచకూడదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అప్పుడప్పుడూ 60 దాటించాలి.

మరి కెటిల్‌కి రిస్క్ లేదా? ఉంది. ఊగే పడవలో మరిగే నీళ్లు పట్టుకోవడం సముద్రం మీద జరిగే కాలిన గాయాలకి పెద్ద కారణం. కెటిల్ స్నానం లంగరు వేసి పడవ నిలకడగా ఉన్నప్పుడే.

సాహసం వేరు, సంసారం వేరు

"అసలు గీజర్ లేకుండానే ప్రపంచం చుట్టొచ్చారు" అని ఎవరో ఒకరు అంటారు. నిజమే. లిన్, లారీ పార్డీ అనే జంట 24 అడుగుల సెరాఫిన్‌లో, తర్వాత 29 అడుగుల టాలెయిసిన్‌లో ఇంజిన్ లేకుండానే ప్రపంచం చుట్టేశారు. ఇంజిన్ లేదంటే ఇంజిన్ వేడితో కాగే నీళ్లూ లేవు. వాళ్లు ఏళ్ల తరబడి అలాగే బతికారు, ఎందుకంటే ఇద్దరూ కావాలని ఎంచుకున్న బతుకు అది.

మన దగ్గర చూస్తే 2017 సెప్టెంబర్‌లో ఆరుగురు నేవీ మహిళా ఆఫీసర్లు తారిణి మీద గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బి. ఐశ్వర్య ఉన్నారు. గర్వపడాల్సిన విషయం. కానీ అది ఒక యాత్ర, దానికి తిరిగొచ్చే రోజు ఒకటి ఉంటుంది. ఎన్ని కష్టాలైనా ఆ రోజు కోసం ఓర్చుకోవచ్చు. ఇల్లు అలా కాదు. ఇంట్లో ప్రతి సోమవారం పొద్దున ఆఫీసు కాల్ ఉంటుంది, జలుబు ఉంటుంది, అంట్లలో నూనె జిడ్డు ఉంటుంది.

మరి ఎవరికి ఏది?

చలి దేశంలో, మెరీనాలో, ఏడాదంతా ఉంటారా? ట్యాప్‌లో వేడి నీళ్లు పెట్టుకోండి. మెరీనా ఒడ్డున షవర్లు ఉంటాయి, నిజమే. కానీ జనవరి పొద్దున్నే వానలో తువ్వాలు చంకన పెట్టుకుని అంత దూరం నడవాలి. కొన్ని వందల పౌండ్ల కెలోరిఫైయర్, ఒడ్డు కరెంట్ ఉంటే పని అయిపోతుంది. కాకపోతే స్నానం ఆవిరికి పడవ లోపల చెమ్మ, బూజు పడతాయి. కిటికీ తెరిచి గాలి ఆడనివ్వాలి.

చలి దేశంలోనే లంగరు మీద ఉంటారా? అప్పుడు డీజిల్ హీటర్ గురించి ఆలోచించొచ్చు. క్యాబిన్‌నీ నీళ్లనీ రెండిటినీ వేడి చేసే రకాలున్నాయి. ఖర్చు వెయ్యి పౌండ్లు దాటుతుంది, కానీ ఒక ఖర్చుతో రెండు పనులు.

వెచ్చటి సముద్రంలో తిరుగుతారా? ఆల్రెడీ కెలోరిఫైయర్ ఉంటే వాడుకోండి. లేకపోతే కొత్తగా పెట్టించకండి. సముద్రంలో ఈదేసి, రెండు లీటర్ల మంచినీళ్లతో ఉప్పు కడుక్కుంటే చాలు. నల్ల సంచి, కెటిల్ మిగతాది చూసుకుంటాయి. ఆ డబ్బు సోలార్ ప్యానెల్‌కో, మంచి లంగరుకో పెట్టండి. రాత్రి గాలి లేస్తే మిమ్మల్ని కాపాడేది గీజర్ కాదు, లంగరు.

ఇద్దరిలో ఒకరికి చలి అస్సలు పడదా, కీళ్ల నొప్పులా, చంటిపిల్ల ఉందా? అయితే పైన చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఎక్కువ అవసరం ఉన్న మనిషి మాటే ఫైనల్. "అడ్జస్ట్ అవుతుందిలే" అనుకున్న పడవలు తొందరగా అమ్మకానికి వస్తాయి.

ఇంకా డిసైడ్ కాలేకపోతే ఒక టెస్ట్. ఏమీ కొనకముందు, ఉన్న ఇంట్లోనే, బాగా చలిగా ఉండే ఒక వారం చూసుకోండి. షవర్ బంద్. రోజుకి ఒక కెటిల్ మరిగిన నీళ్లు, ఒక బకెట్, మనిషికి 7 లీటర్లు, కొలిచి. ఏడో రోజు ఇద్దరూ నవ్వుతూనే ఉంటే మీకు గీజర్ అక్కర్లేదు. మూడో రోజే మాటలు తగ్గిపోతే, పడవ ధరలో గీజర్ కూడా కలిపి లెక్కేసుకోండి.