మూడో పైరుకు రెండు హెక్టార్లు

ఐరోపా సమాఖ్య 2015 నుంచి 2022 దాకా రైతులకు నేరుగా ఇచ్చే సాయంలో 30 శాతాన్ని పర్యావరణ షరతులకు ముడిపెట్టింది. వాటిలో పైర్ల వైవిధ్యం ఒకటి. మినహాయింపులు పక్కన పెడితే, దుక్కి భూమి 30 హెక్టార్లు దాటిన రైతు కనీసం మూడు పైర్లు వేయాల్సి ఉండేది. అన్నిటికన్నా పెద్ద పైరు 75 శాతం మించకూడదు, మొదటి రెండూ కలిపి 95 శాతం మించకూడదని నియమం ఉండేది.

శాతాలను ముందు హెక్టార్లలోకి మార్చుకోవాలి. 40 హెక్టార్లు, అంటే సుమారు వంద ఎకరాల రైతునే తీసుకుందాం. మొదటి పైరుకు గరిష్ఠం 30, మొదటి రెండింటికీ కలిపి 38. కాబట్టి మూడోదానికి కనీసం 2 మిగలాలి. గోధుమే ఎక్కువ కావాలంటే 30-8-2 మొదలుకొని 30-5-5 దాకా ఏదైనా చెల్లుతుంది. ఈ 40లో పండ్లతోటలు, శాశ్వత పచ్చికబయళ్లు కలపకూడదు. శాతం దేనిమీదో ముందే తేల్చుకోకపోతే తర్వాతి లెక్కంతా తప్పుతుంది.

కాగితం మీద ఇంత సులువైన పని పొలంలో కష్టమవుతుంది, ఎందుకంటే భూమి చెక్కలుగా ఉంటుంది. ఆ 40 హెక్టార్లు 21, 11, 6, 2గా ఉన్నాయనుకోండి. 21, 6, 2 చెక్కల్లో గోధుమ వేస్తే 29 అవుతుంది, 75 శాతం లోపే. కానీ మిగిలింది ఒకే చెక్క, మూడో పైరుకు చోటే లేదు. చెక్కలు విడగొట్టకుండా ఎక్కువలో ఎక్కువ గోధుమకు దక్కేది 27. 11లో బార్లీ, 2లో బఠాణీ. 30 కావాలంటే 11 హెక్టార్ల చెక్కలోంచి 3 కోసి గోధుమకు ఇవ్వాలి. రెండు పంపకాలూ 95 శాతం గీత మీదే నిలుస్తాయి. కొలతలో కాస్త తేడా వచ్చినా షరతు తప్పినట్టే, అందుకే కొంత వెసులుబాటు ఉంచుకోవడం మంచిది.

ఏది వేరే పైరన్నదీ ఆ నిబంధనే చెప్పేది. రొట్టెల గోధుమ, పాస్తా గోధుమ ఒకే ప్రజాతివి కనుక ఒకే పైరు కింద లెక్క. శీతాకాలపు గోధుమ, వసంతకాలపు గోధుమ మాత్రం రెండు పైర్లు. బీడుగా వదిలిన నేల కూడా ఒక పైరే! 15 హెక్టార్లు దాటితే 5 శాతం నేలను జీవవైవిధ్యానికి కేటాయించాలనే మరో షరతుండేది. 40లో అది సరిగ్గా 2. అంటే ఆ చిన్న చెక్కను నిబంధనల ప్రకారం బీడుగా వదిలితే రెండు షరతులూ ఒకేసారి తీరేవి.

రైతు సొంత అవసరాలు కూడా ఇందులో చేరతాయి. పశువుల దాణాకు బార్లీ 12, బఠాణీ 6 తప్పవంటే గోధుమకు 22 దాటదు. కనిష్ఠాల మొత్తం ఉన్న భూమిని మించితే ఏ పంపకమూ కుదరదు. గరిష్ఠాల మొత్తం భూమికన్నా తక్కువైనా అంతే. లాభం లెక్కకు ముందు ఈ కూడిక చేయాలి.

షరతు పెట్టేవాళ్లు కూడా ఈ లెక్క వేసి చూడాలని నా అభిప్రాయం. గీతలు మరీ వదులుగా ఉంటే అందరూ ముందునుంచే వాటి లోపలే ఉంటారు. ఈ పర్యావరణ షరతులన్నీ కలిసి సాగు పద్ధతిని మార్చింది ఐరోపా వ్యవసాయ భూమిలో సుమారు 5 శాతం మీదేనని 2017లో అక్కడి ఆడిటర్ల కోర్టు తేల్చింది. 2023లో పైర్ల వైవిధ్యం షరతు చోట పంట మార్పిడి షరతు వచ్చింది. పంట మార్పిడి అంటే ఒక్క ఏడాది శాతాలు చాలవు, ఏ చెక్కలో నిరుడు ఏ పైరుందో కూడా చూడాలి.